రక్తమునందు హార్మోనుల సంచారము

రక్తపరీక్ష నేడు మన గృహములలో మిక్కిలి సామాన్యమైన విషయమైనది. ఉదయము రక్తమిచ్చి వచ్చినచో సాయంకాలమునకే పరీక్షాపత్రము చేతిలోని ఫోనునకు వచ్చి చేరును. వైద్యుని దర్శనము మాత్రము మరునాడో, మరుసటి వారమో లభించును. ఈ నడిమి కాలమున ఆ పత్రమును ఇంటిల్లిపాదియు చదువుదురు. ఏదేని యొక అంకె ప్రక్కనున్న పరిమితిని దాటి లావుపాటి అక్షరములలో కనబడెనా, ఇక ఆ రాత్రి ఎవరికిని నిద్ర యుండదు.

ఒక గృహిణిని ఊహించుకొందము. ఆమె థైరాయిడు గ్రంథి చాలినంత పనిచేయదు. కొన్ని యేండ్లుగా ప్రతిదినము ప్రాతఃకాలమున థైరాక్సిను మాత్ర వేసికొనుచున్నది. ఇప్పుడామె ఐదవ నెల గర్భిణి. గర్భము నిలిచినదని తెలిసిన వెంటనే వైద్యురాలు మాత్ర మోతాదును పెంచెను. తరువాత చేయించిన పరీక్షలో ‘టి.4’ అను వరుసకెదురుగా 14 అని యున్నది; ప్రక్కన ముద్రించిన పరిమితి 5 మొదలు 12 వరకు. మాత్ర యెక్కువైనది, బిడ్డకేమగునో యని ఇంటిలోని పెద్దలు భయపడి, వైద్యురాలిని అడుగకయే మాత్రను సగము చేసిరి. ప్రేమచేతనే చేసిరి, సందేహము లేదు. కాని ఆ 14 అను అంకెలో దోషమేదియు లేకపోవచ్చును. ఆ నెలలో సంపూర్ణారోగ్యముతో నున్న గర్భిణి రక్తమునందును అటువంటి అంకెయే కనబడును. భయపడవలసినది అంకెను చూచి కాదు, సగమైన మాత్రను చూచి.

అంకె పెరిగియు ఆధిక్యము లేకుండుట యెట్లు? ఈ ప్రశ్నకు సమాధానము రక్తములో హార్మోనులు ప్రయాణము చేయు విధమునందున్నది. అది తెలిసిన సోదరికి పరీక్షాపత్రమును చూచునప్పుడు సగము భయము తీరును. కావున ఈ నెల ఆ విషయమునే గ్రహించితిమి.

దేహమందొక చోట పుట్టి, రక్తములో కలిసి, దూరముననున్న మరియొక అవయవమునకు ఆజ్ఞను చేరవేయు పదార్థమునకు హార్మోను అని పేరు. 1902లో ఇంగ్లండునందు బేలిస్, స్టార్లింగ్ అను నిద్దరు శాస్త్రజ్ఞులు ప్రేవుల నుండి పుట్టి క్లోమగ్రంథిని మేల్కొలుపు నొక పదార్థమును కనుగొనిరి. 1905లో స్టార్లింగ్ తన యుపన్యాసములలో ఇట్టి పదార్థములకు ‘హార్మోను’ అను పేరును వాడెను. ప్రేరేపించుట యను నర్థముగల గ్రీకు మాట నుండి అది వచ్చినది.

ఈ హార్మోనులన్నియు నొక్క జాతివి కావు. ఇన్సులిను, అడ్రినలిను వంటివి నీటిలో కరగును. రక్తములో అధికభాగము నీరే కనుక వానికి తోడెవ్వరును అక్కరలేదు; ఒంటరిగా పోయి పని చేసి, కొలది నిమిషములలో నశించును. కాని థైరాయిడు హార్మోనులకును, స్త్రీపురుష లక్షణములను కలిగించు ఈస్ట్రోజెను, టెస్టోస్టిరోను మొదలగు వానికిని, కార్టిసోలునకును నీటితో పొత్తు కుదరదు. వంటయింటిలో మనము నిత్యము చూచుచుండునదే యిది. పసుపును వట్టి నీటిలో కలిపినచో కొంతసేపటికి అడుగున చేరును. కాగిన నూనెలో వేసితిమా, నూనె యంతయు పచ్చబడును. నీటితో పొసగని హార్మోనులు నీటిమయమైన రక్తములో ఎట్లు తిరుగవలెను? పడవ కావలెను గదా. ఆ పడవలే మాంసకృత్తులు, అనగా ప్రోటీనులు. వీనిలో ముఖ్యమైనవి మన కాలేయములో తయారై రక్తములో ప్రవేశించును. హార్మోను అణువు ఆ మాంసకృత్తులోని ఒక గుంటలో ఇమిడి కూర్చుండి ప్రయాణము చేయును.

ఇచ్చట ‘కట్టబడుట’ అనగా త్రాటితో కట్టుట వంటిది కాదు. అణువు వచ్చి కూర్చుండును, కొన్ని క్షణములలో లేచిపోవును, ఆ చోటనే మరియొకటి కూర్చుండును. ఎక్కువారును దిగువారును ఎప్పుడును ఉందురు గాని పడవలోని వారి సంఖ్య ఇంచుమించు ఒక్కటిగనే యుండును.

ఉదాహరణమునకు థైరాక్సినునే తీసికొందము. మన సోదరీమణులలో ననేకులకు పరిచితమైన పేరది. 1914వ సంవత్సరము క్రిస్మసు పండుగ నాడు అమెరికాలో కెండాల్ అను రసాయన శాస్త్రజ్ఞుడు దీనిని శుద్ధరూపమున వేరుచేసెను. ఒక్కొక్క అణువులో నాలుగు అయోడిను పరమాణువులున్నవి కనుక దీనికి టి.4 అని సంకేతము. మూడు పరమాణువులున్న దానికి టి.3 అని పేరు, ఇది టి.4 కంటె బలమైనది. అయోడిను లేనిది ఈ రెండును పుట్టవు. హిమాలయ ప్రాంతములలో ఉప్పునకు అయోడిను చేర్చి గొంతువాపును తగ్గించిన కాంగ్రా లోయ పరిశోధనకు ముఖ్యుడైన వులిమిరి రామలింగస్వామిగారు 1921లో శ్రీకాకుళమున జన్మించినవారు. మన వంటయింటి ఉప్పు పొట్లముపై అయోడిను పేరుండుటలో వారి శ్రమ కొంత గలదు.

థైరాక్సినును మోయు మాంసకృత్తులు మూడు. మొదటిది దీని కొరకే పుట్టినట్లున్న ‘థైరాక్సిను బంధక గ్లోబ్యులిను’. వైద్యులు దీనిని టి.బి.జి. అని పిలుతురు. ఇది రక్తములో అతిస్వల్పముగా నుండును. ఐనను దీని పట్టు మిక్కిలి గట్టిది. కావున థైరాక్సినులో నాల్గింట మూడువంతులను ఇదియే మోయును. రెండవది ట్రాన్స్‌థైరెటిన్. ఇది థైరాక్సినుతో పాటు ఏ విటమినును కూడ, మరియొక మాంసకృత్తు సాయముతో, మోయుచుండును. ఒక బండిపై రెండు సరకులు. మూడవది ఆల్బుమిన్. రక్తములో నన్నిటికంటె సమృద్ధిగానున్న మాంసకృత్తు ఇదియే. దీని పట్టు వదులు, కాని సంఖ్య విస్తారము. ఎవరు వచ్చినను కాదనక కాస్త చోటు చూపు పెద్దింటి అరుగు వంటిది.

ఈ మూడింటిపై నెక్కి కూర్చున్నవి పోగా విడిగా తిరుగు థైరాక్సిను ఎంత? చదువరులు ఆశ్చర్యపడుదురు. పదివేల అణువులలో సుమారు 9,997 కట్టుబడియే యుండును. విడిగా నున్నవి రెండో మూడో! టి.3 పట్టు కొంత వదులు గనుక దానిలో వేయింటికి మూడు విడిగా నుండును. అయితే జీవకణములలో ప్రవేశించి పని చేయునవి ఈ విడి అణువులే. హృదయము వేగముగా కొట్టుకొనుట, ఒడలు వెచ్చగా నుండుట, గర్భస్థశిశువు మెదడు వికసించుట, అన్నియు పదివేలలో ఆ రెండు మూడింటి చలువయే. కట్టుబడియున్నవి నిలువ మాత్రమే.

గాదెలో ధాన్యమున్నది, చేటలో బియ్యమున్నవి. పూటకు అన్నమగునవి చేటలోనివి. గాదె నిండుగానున్నంత మాత్రమున కడుపు నిండదు. అట్లని గాదె వ్యర్థమును కాదు. చేట ఖాళీయైనపుడెల్ల గాదె నుండి తీసి నింపుదుము. రక్తములోను ఇట్లే. విడి అణువొకటి జీవకణములోనికి పోగానే, కట్టుబడియున్న దానిలో నొకటి లేచి ఆ స్థానమునకు వచ్చును. గ్రంథి దినమునకు తయారుచేయు థైరాక్సిను 80 మొదలు 100 మైక్రోగ్రాములు. రక్తద్రవములో కట్టుబడి తిరుగు నిలువ ఇంచుమించు రెండున్నర మూడు దినముల ఉత్పత్తికి సమానము. ఈ నిలువ ఉండుటచేతనే థైరాక్సిను రక్తములో సగమగుటకు సుమారు ఏడు దినములు పట్టును. మాత్ర ఒక దినము మరచినవారు వెంటనే నీరసపడి పడిపోకుండుటకు కారణమిదియే. మరచుటకు ఇది యనుమతి యని మాత్రము ఎవ్వరును తీసికొనరాదు.

ఈ సంగతులను వెలికి తీసినవారిలో నొక స్త్రీ గలరని చెప్పుటకు మేము సంతసించుచున్నాము. ఆమె పేరు రోజలిండ్ పిట్-రివర్స్. 1907లో లండనునందు జన్మించి, ఆ నగరములోని జాతీయ వైద్య పరిశోధన సంస్థలో పనిచేసెను. 1945లో, యుద్ధము ముగియుచున్న దినములలో, జర్మనీలోని బెల్సెన్ నిర్బంధ శిబిరమునకు పోయి, ఆకలిచే శల్యావశిష్టులైన వారికి ఎట్టి ఆహారము ఒంటబట్టునో పరీక్షించిన వైద్యబృందములో ఆమె యొకరు. 1952లో జాక్ గ్రాస్ అను సహచరునితో గూడి మానవ రక్తములో టి.3ని కనుగొనినది ఈమెయే. ఆ సంవత్సరమే ఆమెయు, గ్రాస్‌యు, మరి యిద్దరును గూడి, విద్యుత్తు సాయముచే రక్తద్రవములోని మాంసకృత్తులను వేర్వేరుగా విడదీసి, థైరాక్సిను వానిలో దేనిని అంటిపెట్టుకొని పోవుచున్నదో చూపిరి. అంతవరకు ఆల్బుమిన్ వెనుక మరుగుపడియున్న టి.బి.జి. ఆ విధముగా బయటపడెను. 1954లో ఆమె రాయల్ సొసైటీ సభ్యురాలయ్యెను. తరువాత అమెరికాలో రాబిన్స్, రాల్ అను వైద్యులు, కట్టుబడిన హార్మోను కాదు, విడిగా నున్నదే పని చేయునను సిద్ధాంతమును 1950వ దశకములో స్థిరపరచిరి.

దీనికి సాక్ష్యము దేహములోనే గలదు. మెదడు క్రింద వ్రేలాడు పిట్యూటరీ గ్రంథి థైరాయిడును అదుపులో నుంచు యజమానురాలు. విడి థైరాక్సిను తగ్గినచో టి.ఎస్.హెచ్. అను మరియొక హార్మోనును అధికముగా పంపి, ‘ఇంకను చేయుము’ అని గద్దించును. హెచ్చినచో తన స్వరమును తగ్గించును. ఈమె గాదె వంక చూడదు. చేటను మాత్రమే చూచును. పరీక్షాపత్రములో టి.ఎస్.హెచ్. పెరిగినచో థైరాయిడు తగ్గినదని వైద్యులు చెప్పుటలోని తలక్రిందులు భావము ఇదియే. గద్దింపు పెరిగినదనగా పని తగ్గినదన్నమాట.

అయినచో పదివేలలో 9,997ను ఇట్లు కట్టియుంచుట యెందులకు? నిలువ కొరకు అనునది ఒక సమాధానము. చిన్న అణువులు మూత్రపిండముల ద్వారా జారిపోకుండ కాపాడుటకు అనునది రెండవది. మాకు అన్నిటికంటె మనోహరముగా తోచినది మూడవది. 1987లో ప్రకటింపబడిన ఒక పరిశోధనలో శాస్త్రజ్ఞులు ఎలుక కాలేయములోనికి థైరాక్సిను కలిపిన ద్రవమును పంపి చూచిరి. ద్రవములో మాంసకృత్తులు లేనపుడు, మొట్టమొదట తగిలిన జీవకణములే థైరాక్సిను నంతయు లాగుకొనెను. వెనుకనున్న వానికి ఏమియు దక్కలేదు. మాంసకృత్తులను చేర్చి పంపగా, మొదటినుండి కడవరకు కణములన్నిటికిని సమముగా అందెను. కాలువ క్రింద సేద్యము చేయు కుటుంబముల సోదరీమణులకు దీనిని విడమరచి చెప్పనక్కరలేదు. తూములకు అదుపు లేనిచో తలకట్టు పొలములే నీరంతయు త్రాగును. శివారు పొలములు ఎండును. మాంసకృత్తులు తూములకు వేసిన పలకల వంటివి. ఎచ్చటను ఎక్కువ విడువవు. కావుననే కాలువ చివర వరకు నీరు సాగును.

ఈ వాహకములు కొందరికి పుట్టుకతోనే కొరతపడియుండును. టి.బి.జి.ని తయారుచేయు జన్యువు ఎక్స్ క్రోమోజోముపై నున్నది. మగబిడ్డకు ఎక్స్ ఒకటే కనుక అది చెడినచో వానికి టి.బి.జి. బొత్తిగా నుండదు. సుమారు 15,000 మగశిశువులలో ఒకనికి ఇట్లుండునని లెక్క. ఇట్టివాని రక్తములో మొత్తము టి.4 చూచినచో రోగివలె కనబడును. కాని అతడు తినును, తిరుగును, చదువుకొనును. ఏ లోపమును లేదు. అతని గాదె చిన్నది, చేట మాత్రము అందరి చేటవంటిదే. ఇట్టివారికి మందు అక్కరలేదు. మరికొన్ని కుటుంబములలో ఆల్బుమిన్‌లో స్వల్పమైన మార్పు వంశపారంపర్యముగా వచ్చి, అది థైరాక్సినును గట్టిగా పట్టుకొనును, మొత్తము టి.4 అధికముగా కనబడును. వీరును ఆరోగ్యవంతులే. అంకెను మాత్రమే నమ్మి వీరిలో కొందరికి లేని రోగమునకు చికిత్స చేసిన ఉదంతములు వైద్యగ్రంథములలో గలవు.

ఇక గర్భిణి విషయము. గర్భము నిలిచినది మొదలు దేహములో ఈస్ట్రోజెను పెరుగును. దాని ప్రభావముచే టి.బి.జి. అణువునకు అంటియున్న చక్కెర భాగములలో మార్పు కలుగును; ఆ మార్పుచేత అది రక్తములో త్వరగా నశింపక నిలిచిపోవును. కొన్ని వారములలో టి.బి.జి. రెండు మూడు రెట్లగును. అనగా ఇంటిలో గాదె పెద్దదైనది. పెద్ద గాదె నిండనిదే చేటలోనికి చాలినంత రాదు. ఆరోగ్యవతియగు స్త్రీలో థైరాయిడు గ్రంథి పని హెచ్చించి, ఆ కొత్త గాదెను నింపును. మాయ నుండి పుట్టు హార్మోనొకటి ఈ పనిలో దానికి తోడగును. అందుచేత పదునారవ వారము నాటికి మొత్తము టి.4 మునుపటికంటె సుమారు ఒకటిన్నర రెట్లగును. పరిమితి 12 అని ముద్రించియున్నచో గర్భిణికి దానిని 18 అని చదువుకొనవలయును. ముద్రితమైన 12 సామాన్యముగా గర్భము లేని వారి కొరకు ఏర్పరచినది.

గ్రంథి పనిచేయని స్త్రీ మాట యేమి? ఆమె గాదెయును పెద్దదగును. నింపువారెవ్వరు? మాత్రయే నింపవలెను. మోతాదు పాతదే యైనచో వచ్చినదంతయు గాదెలోనికే పోయి చేట వెలితిపడును. 2004లో అమెరికాలో ప్రచురింపబడిన యొక పరిశీలనలో, ఇట్టి స్త్రీలకు గర్భకాలపు మొదటి సగములో థైరాక్సిను అవసరము సగటున 47 శాతము పెరిగినట్లును, ఆ పెరుగుదల కొందరిలో ఐదవ వారముననే ఆరంభమైనట్లును తేలినది. ఐదవ వారమనగా నెల తప్పిన సంగతియే కొందరికి నిశ్చయముగా తెలియని సమయము. శిశువు థైరాయిడు గ్రంథి పండ్రెండవ వారము ప్రాంతమున అయోడినును గ్రహింప నారంభించినను, చెప్పుకోదగినంత పని చేయుట పదునెనిమిదవ, ఇరువదియవ వారమునకు గాని జరుగదు. అంతవరకు ఆ పసికందు మెదడునకు వలయు థైరాక్సిను తల్లి చేటలో నుండియే రావలెను. తీవ్రమైన కొరత గర్భస్రావమునకును, నెలలు నిండకుండ కాన్పగుటకును, బిడ్డ మేధావికాసము కుంటుపడుటకును కారణము కాగలదు.

ఇప్పుడు మనము ఊహించుకొన్న గృహమునకు మరల పోయి చూచినచో వారి పొరపాటు స్పష్టమగును. దీనికి విపరీతమైన పొరపాటును గలదు. అది మరింత ప్రమాదకరమని మా యభిప్రాయము. ఐదవ నెల గర్భిణికి టి.4 ఎదురుగా 8 అని యున్నది. పరిమితి 5 మొదలు 12. అంకె నట్టనడుమ నున్నది. ఎవ్వరికిని దిగులు లేదు. కాని పెద్దదైన గాదెకు 8 చాలకపోవచ్చును. ఆమె టి.ఎస్.హెచ్. చూచినచో పెరిగి యుండవచ్చును. మొదటి పొరపాటున ఇంటివారు భయపడియైనను ఎవరినో అడుగుదురు. రెండవ దానిలో అడుగవలెనను తలంపే కలుగదు.

కావున థైరాయిడు మాత్ర వేసికొను సోదరి గర్భము ధరింపనెంచినప్పుడే ఆ మాట వైద్యునితో చెప్పి యుంచుట మేలు. నెల తప్పగానే పరీక్ష చేయించుకొని, గర్భకాలపు మొదటి సగములో నాలుగు వారములకొకమారు టి.ఎస్.హెచ్. చూపించుకొనుచుండవలయును. కాన్పైన పిదప ఈస్ట్రోజెను పడిపోవును, గాదె మరల చిన్నదగును. మోతాదును సాధారణముగా పూర్వపు పరిమాణమునకు తగ్గింతురు. గర్భిణులకిచ్చు ఇనుము మాత్రలు, సున్నపు మాత్రలు థైరాక్సినును ప్రేవులలోనే పట్టి యుంచును గనుక వానికిని దీనికిని నడుమ నాలుగు గంటలు ఎడముండవలెను. ఇది రక్తమునకు సంబంధించిన మాట కాకపోయినను, అనేక గృహములలో మాత్రలన్నియు ఒక్క గుక్కలో మ్రింగుట మేము చూచుచున్నాము గనుక చెప్పితిమి.

పరీక్షాపత్రమును చదువునప్పుడు ఒక అక్షరమును గుర్తించవలెను. పరీక్షశాలలు సామాన్యముగా అమ్ము ‘థైరాయిడు ప్రొఫైలు’లో టి.3, టి.4, టి.ఎస్.హెచ్. అని మూడు వరుసలుండును. అందలి టి.4 మొత్తము టి.4, గాదెయు చేటయు కలిపి కొలిచినది. విడి థైరాక్సినును కొలిచినపుడు ముందు ‘ఎఫ్.’ చేర్చి ఎఫ్.టి.4 అని వ్రాయుదురు. రెండింటి అంకెలును పరిమితులును వేరు, మొత్తము టి.4ను మైక్రోగ్రాములలోను, విడి దానిని అందులో వేయవవంతైన నానోగ్రాములలోను లెక్కింతురు. ఒకనాటి పత్రములోని 9ని మరియొకనాటి పత్రములోని 1.2తో పోల్చి, థైరాయిడు అడుగంటినదని ఏడ్చుట వ్యర్థము. విడి టి.4ను కొలుచు సామాన్య యంత్రములు గర్భకాలమున కొంత తడబడునని తేలినందున, కొందరు వైద్యులు గర్భిణులకు మొత్తము టి.4నే తీసికొని ఒకటిన్నర రెట్ల పరిమితితో పోల్చుచున్నారు. ఇక టి.ఎస్.హెచ్. గర్భము మొదటి మూడు నెలలలో సహజముగనే కొంత తగ్గును; దానిని చూచియు కంగారుపడరాదు.

వెండ్రుకలు రాలకుండుటకని నేడు పలువురు వాడు బయోటిన్ మాత్రలను గూర్చి యొక మాట. బయోటిన్ విటమినే గాని, కొన్ని యంత్రములు హార్మోనులను కొలుచుటకు ఆ బయోటిన్‌నే సాధనముగా వాడును. రక్తములో అది మిక్కుటముగా నున్నచో యంత్రము మోసపోయి, ఎఫ్.టి.4 హెచ్చుగను టి.ఎస్.హెచ్. తగ్గుగను చూపును, ఆరోగ్యవతి పత్రము రోగి పత్రమగును. పరీక్షకు రెండు దినములు ముందుగా దానిని మానవలెనని వైద్యసంఘములు చెప్పుచున్నవి.

ఈస్ట్రోజెను గర్భమువలననే గాక మాత్రల రూపమునను దేహములో ప్రవేశించును. గర్భనిరోధక మాత్రలును, ముట్లుడిగిన పిదప కొందరికిచ్చు మాత్రలును ఇట్టివి. మ్రింగిన మందు ప్రేవుల నుండి మొదట కాలేయమునకే పోవును, టి.బి.జి. తయారగునది అచ్చటనే గదా. అందుచేత ఇట్టి మాత్రలు మొదలిడిన స్త్రీకి మొత్తము టి.4 పెరుగును, థైరాక్సిను మాత్రపై ఆధారపడిన స్త్రీయైనచో మోతాదు పెంచవలసి రావచ్చును. అదే ఈస్ట్రోజెనును చర్మముపై అంటించు పట్టీరూపమున ఇచ్చినచో కాలేయముపై తొలి తాకిడి యుండదు గనుక ఈ మార్పు అంతగా కనబడదు.

థైరాక్సినును గూర్చి విస్తరించి వ్రాసితిమి గాని తక్కిన హార్మోనులదియు ఇదే నడవడి. కార్టిసోలు అను హార్మోను దేహమునకు కష్టము వచ్చినపుడు ఆదుకొనునది. దానిలో నూటికి ఎనుబది తొంబది పాళ్ళు ట్రాన్స్‌కార్టిన్ అను మాంసకృత్తుపై ప్రయాణము చేయును. ఈ వాహకము చేయు పని యొకటి చిత్రమైనది. దేహములో నెక్కడైన గాయమై వాచినపుడు, అచ్చటికి చేరిన తెల్లకణములు విడుచు రసము ఈ మాంసకృత్తును తెగగొట్టును. అది తెగగానే మోయుచున్న కార్టిసోలు ఆ వాచిన చోటనే దిగిపోవును. జ్వరము తగిలి రక్తము వేడెక్కినను దాని పట్టు సడలును. ఎచ్చట అవసరమో అచ్చటనే బస్తా దింపు బండి యన్నమాట.

మరియొక వాహకము నేటి యువతులకు ముఖ్యముగా తెలియదగినది. టెస్టోస్టిరోను పురుష హార్మోనని ప్రసిద్ధమైనను స్త్రీ దేహములోను స్వల్పముగా నుండును. స్త్రీలలో దాని మూడింట రెండువంతులను ఎస్.హెచ్.బి.జి. అను మాంసకృత్తు గట్టిగా పట్టియుంచును. ఇంచుమించు మిగిలినదంతయు ఆల్బుమిన్‌పై వదులుగా నుండును. విడిగా తిరుగునది నూటికి ఒకటి రెండు పాళ్ళు మాత్రమే. ఈ ఎస్.హెచ్.బి.జి. కూడ కాలేయములో తయారగునదే. దేహము స్థూలించి, రక్తములో ఇన్సులిను సదా హెచ్చుగా నున్నచో కాలేయము దీని తయారీని తగ్గించును. అప్పుడు పట్టియుంచువారు లేక విడి టెస్టోస్టిరోను పెరుగును. గడ్డముపై వెండ్రుకలు మొలచుట, మొటిమలు, ముట్టు నెలలు తప్పుట మొదలగునవి కనబడును. అండాశయములలో నీటితిత్తుల జబ్బు అని, పి.సి.ఓ.ఎస్. అని నేడు విరివిగా వినబడు వ్యాధిలో జరుగు వానిలో ఇదియు నొకటి. ఆ హెచ్చు ఇన్సులినే అండాశయమును ప్రేరేపించి టెస్టోస్టిరోనును అధికముగా చేయించుటయు గలదు.

ఇట్టి యువతి పరీక్షాపత్రములో మొత్తము టెస్టోస్టిరోను పరిమితిలోనే యుండవచ్చును. ‘అంతయు సరిగానే యున్నది, అమ్మాయి ఊరక మనసు పాడుచేసికొనుచున్నది’ అని తల్లులు అందురు. అమ్మాయి గడ్డముపై వెండ్రుకలు అబద్ధమాడవు గదా. గాదె చిన్నదై చేట పొంగుచున్నది. రెండును కలిపి కొలిచిన అంకె మాత్రము మారలేదు. శరీరపు బరువు కొంత తగ్గినను ఇన్సులిను దిగును, ఎస్.హెచ్.బి.జి. మరల పెరుగును, పెక్కుమందికి ముట్టు సక్రమమగును. ఇట్టి సందర్భములలో వైద్యులు మొత్తము టెస్టోస్టిరోనుతో పాటు ఎస్.హెచ్.బి.జి.ని కూడ కొలిపించి, ఆల్బుమిన్ పరిమాణమును జోడించి, విడిగా తిరుగుచున్నది ఎంతయో ఆ మూడంకెల నుండి గణించుచున్నారు.